కడప ఎండలో ఎల్సా గౌను: కొన్నదొకటి, కుట్టించిందొకటి

డిస్నీ వాళ్ల బొమ్మల సినిమా 'ఫ్రోజెన్' మూడో భాగం 2027 నవంబరులో వస్తుందని తెలిసిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఒకటే గోల. మా పాప ఇప్పుడు రెండో తరగతి, సినిమా వచ్చేసరికి నాలుగులో ఉంటుంది. అంత దూరం ఉందే తల్లీ అంటే వినదు. అందులో మంచు రాణి ఎల్సా వేసుకునే గౌను కావాల, నీలం రంగుదే కావాల, వెనకాల పొడుగ్గా తోక ఉండాల, అదీ ఇప్పుడే కావాల. మాది కడప. మాకు మందుల షాపు ఉంది, కౌంటర్లో కూర్చునేది ఎక్కువ నేనే. షాపుకొచ్చే అమ్మలు కూడా ఈ మధ్య "మీ పాప గౌను ఎక్కడ కొన్నారు" అని అడుగుతున్నారు. మా ఇంట్లో రెండు గౌన్లున్నాయి. ఒకటి ఆన్‌లైన్లో తెప్పించింది, ఒకటి ఇక్కడ కుట్టించింది. రెండింటి సంగతీ చెప్తా.

ముందు ఆన్‌లైన్‌ది. ఏ యాప్ అని అడగొద్దు, అన్నింట్లోనూ అదే ఫొటో పెట్టి అమ్ముతున్నారు. ధర 1,499. గౌనుతో పాటు కిరీటం, మంత్రదండం, చేతి తొడుగులు, పసుపుపచ్చ జడ విగ్గు కూడా వచ్చాయి. అసలు ఎల్సా చేతిలో మంత్రదండమే ఉండదు, ఆమె చేత్తో అంటేనే గడ్డకడుతుంది. ఏదో ఒకటి కలిపి అయిదు వస్తువులు అనిపించుకోవాలని పెట్టినట్టుంది. ఫొటోలో గౌను కాలి మడమ దాకా ఘనంగా పరుచుకుని ఉంది. వచ్చింది మాత్రం పల్చటి పాలిస్టర్ సాటిన్ మీద గరుకు నెట్. మా అత్తగారు కవర్లోంచి తీసి, ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఈ దోమతెరకు పదిహేను నూర్లా!" అనింది. పాప అలిగి జేజితో, అదే వాళ్ల నాయనమ్మతో, సాయంత్రం దాకా మాట్లాడలేదు.

జేజి మీద అలిగిన పిల్లే రాత్రికి ఒక తప్పు పట్టింది. గౌను మీద వెండి రంగులో మంచు పువ్వులు అచ్చు వేశారు కదా, వాటి కొమ్మలు లెక్కపెట్టి "మా, ఇవి ఎనిమిదున్నాయి, సినిమాలో ఆరే" అనింది. నిజమే. మంచు పలుకుకు మామూలుగా ఆరు కొమ్మలే. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వాటి అణువులు ఆరు మూలల గడులుగా అల్లుకుంటాయి, అందుకని. మొదటి సినిమా తీసినవాళ్లు ఈ ఒక్క విషయానికే అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో మంచు పలుకుల మీద పనిచేసే కెన్నెత్ లిబ్రెక్ట్ అనే భౌతిక శాస్త్రవేత్తను పిలిపించుకుని సలహా తీసుకున్నారు. ఇక్కడ అచ్చు వేసినవాడు దీపావళి చుక్కను తెచ్చి అంటించాడు.

ఇవన్నీ చిన్న విషయాలే, నేనూ ఒప్పుకుంటా. అసలు ఇబ్బంది ఒంటి మీద తెలిసింది. స్కూల్ యానివర్సరీ మార్చిలో పెట్టారు. మార్చి అంటే మా ఊళ్లో ఎండాకాలం వచ్చేసినట్టే. పిల్లలందరినీ తయారుచేసి స్టేజీ వెనక షామియానాలో కూర్చోబెట్టారు. పాప వంతు వచ్చేసరికి గౌను వీపుకు అతుక్కుపోయింది. ఇంటికొచ్చి జిప్పు తీస్తే మెడ కింద, చంకల్లో, నడుము పట్టీ ఒరుసుకున్న చోట ఎర్రగా చెమటకాయలు. పాలిస్టర్ చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. చెమట బయటికొచ్చే దారులు మూసుకుపోతే లోపలే నిలిచి పొక్కుతుంది. పైగా ఆ నెట్‌కు లైనింగ్ సగం దాకానే వేశారు, చేతుల దగ్గర అసలు లేదు. మా షాపులో రోజూ నలుగురికి అమ్మే పౌడరే నేను ఇంటికి తీసుకుపోవాల్సి వచ్చింది. వెనక్కి పంపుదామంటే ఒకసారి వేసుకున్న బట్టలు వెనక్కి తీసుకోబోమని మెసేజ్ పెట్టారు.

ఇంకో బాధ ఆ మెరుపు పొడి. గౌను ఒకసారి దులిపితే వారం రోజులు ఇల్లంతా అదే. దిండ్ల మీద, పప్పు గిన్నె మూత మీద, ఆయన షేవింగ్ బ్రష్‌లో కూడా. షాపులో ఒక పెద్దాయన నా చెంప చూసి "ఏం పాపా, పెండ్లికి పోయొచ్చినావా" అని అడిగినాడు.

మంచి కూడా చెప్పాలి. రంగు ఫొటోలో ఉన్నట్టే వచ్చింది. కిరీటం గట్టిది, ఇప్పటికీ విరగలేదు. రెండో రోజుకే ఇంటికొచ్చింది. ఒక్క ఫొటో తీసుకోవడానికి, ఏసీ హాల్లో పుట్టినరోజు గంటసేపు జరుపుకోవడానికి ఐతే తీసుకోవచ్చు, లోపల కాటన్ షిమ్మీ వేసి. కేక్ మీద కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు మాత్రం ఆ చేతుల నెట్ వెనక్కి మడవండి. సింథటిక్ నెట్‌కు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దీపావళి రోజు ఈ గౌన్లు బీరువాలోనే ఉండాలి. కుట్టించిన దానికీ ఇదే మాట.

పాప విగ్గు పెట్టుకోనంది, దురదట. జేజి తన సవరం తెచ్చి పాప జుట్టులో కలిపి జడ అల్లి, ఎడమ భుజం మీదుగా ముందుకు వేసింది. నల్ల జడ ఎల్సా. నాకైతే పసుపు విగ్గు కంటే అదే బాగుంది. ఈ జడ గురించి ఒక తమాషా. మొదటి సినిమాలో ఎల్సా జడలో నాలుగు లక్షలకు పైగా వెంట్రుకలు కంప్యూటర్లో గీశారు. అంత చేసి కూడా 'లెట్ ఇట్ గో' పాటలో ఆమె జడను వెనక నుంచి ముందుకు తెచ్చుకునే చోట ఆ జడ నేరుగా చేతిలోంచి దూరి ఇవతలికి వచ్చేస్తుంది. ఆపి ఆపి చూడండి, కనపడుతుంది. మా పాప ఇంటికి ఎవరొచ్చినా అక్కడ ఆపి చూపిస్తుంది.

ఇక కుట్టించింది.

వై.వి. స్ట్రీట్ వెనక సందులో ఒక భాయ్ ఉన్నాడు. పెళ్లి రవికలకు మగ్గం వర్క్ చేస్తారు, పక్కనే కుట్టు మిషన్లు. మా పెళ్లిళ్ల రవికలన్నీ అక్కడే. సినిమా గౌను కుడతారా భాయ్ అని ఫోన్లో బొమ్మ చూపిస్తే రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూసి, "ఇది బట్ట కాదు కదక్కా, ఐసు. ఐసు ఎట్ల కుట్టేది?" అన్నాడు. తర్వాత తనే "బట్ట మీరు తెండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. భాయ్ మొదట అన్న మాట ఊరికే అన్నది కాదు. సినిమాలో ఆ గౌను మంచుతో అల్లుకున్నది, ఒంటి మీదే పుడుతుంది. దానికి బరువుండదు, కుట్లుండవు, నడుస్తుంటే గాలికి తేలే ఆ వెనక పరదా ఎక్కడా ఇరుక్కోదు. రెడీమేడ్ వాళ్లు బొమ్మను చూసి అలాగే చేయబోతారు, అందుకే చెడిపోతుంది. భాయ్ మాత్రం మా పాపను చూసి కుట్టాడు.

బట్ట కొనడం ఒక కథ. మంచు నీలం కావాలంటే బట్టల షాపు కుర్రాడు ఒక్కొక్క తాను దించుతూ రామా బ్లూ, పికాక్ బ్లూ, ఫిరోజీ అన్నీ పరిచాడు. మా దగ్గర నీలం అంటే పెళ్లిచీర నీలమే, ముదురుగా ఉంటేనే డబ్బు పెట్టినట్టు. చివరికి స్కూల్ యూనిఫాం వైపు ఉన్న లేత నీలం తాను నేనే చూపించి కోయించుకున్నా. పైకి మెరుపు సాటిన్ రెండున్నర మీటర్లు, నెట్ మూడు మీటర్లు, లోపలికి తెల్ల మల్ కాటన్. మల్ దగ్గర కక్కుర్తి పడొద్దు. పైన ఏ బట్ట ఉన్నా ఒంటికి తగిలేది అదే.

కొలతలప్పుడు నేను ఒకటే అడిగాను. 2027 నవంబరు దాకా ఇదే గౌను రావాలి భాయ్, అని. నవ్వలేదు, లెక్క వేశాడు. ఈ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు, అంటే సినిమా నాటికి నాలుగు అంగుళాలకు తక్కువ కాకుండా. సాటిన్‌కు, మల్‌కు కింద అంచులో నాలుగంగుళాలు లోపలికి మడిచి కచ్చా కుట్టు వేశాడు, పొడుగైనప్పుడు విప్పుకునేలా. నెట్ దగ్గర మాత్రం ఆగాడు. "నెట్టు కింద మడిస్తే బయటికి కనపడతాదక్కా" అని, దాని మిగులు బట్టంతా నడుము దగ్గర కుచ్చులోకి తోసి పైన వెండి పట్టీ కప్పాడు. పట్టీ ఊడదీస్తే నెట్ కిందికి జారుతుంది. పక్క కుట్లలో అటూ ఇటూ ఒకటిన్నర అంగుళం లోపల వదిలాడు. ఇరవై ఏళ్లుగా రవికలు లూజు చేసే చేతికి ఇది కొత్త పని కాదు.

వెనక తోక విషయంలో మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. రెడీమేడ్ దానిలో అది భుజాలకు కుట్టేసి ఉంది, మెట్లెక్కుతుంటే పాపే దాన్ని తొక్కుకుని వెనక్కి పడబోయింది. భాయ్ దాన్ని విడిగా కుట్టి, భుజాల దగ్గర టిచ్ బటన్లు పెట్టాడు. ఎవరైనా తొక్కితే ఠక్కున ఊడి వచ్చేస్తుంది, పిల్ల పడదు. పొడవు కూడా మడమ దగ్గరే ఆపాడు. పాప ఒప్పుకోలేదు, నేల మీద ఈడ్చుకుంటూ పోవాలట. "నేల మీద పోతే మంచు మట్టైపోతాది పాపా" అన్నాడు. అంతే, మారు మాట్లాడలేదు. నేను చెప్పి ఉంటే గంట ఏడుపు.

ఆరు కొమ్మల పువ్వు మీద పట్టుబట్టింది పాపే. భాయ్ నా చేతి గాజు అడిగి తీసుకున్నాడు. దాన్ని బట్ట మీద పెట్టి చుట్టూ చాక్‌తో గీశాడు. తర్వాత దారం తీసి గాజు అడ్డం కొలతలో సగానికి తుంచాడు. ఆ దారాన్ని గీసిన వలయం మీద ఒక చుక్క దగ్గర మొదలుపెట్టి, అంచు వెంట ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పట్టుకుంటూ పోయాడు. ఆరోసారికి సరిగ్గా మొదటి చుక్క మీదికి వచ్చి ఆగింది. అంతా రెండు నిమిషాల పని. స్కూల్లో వృత్త వ్యాసార్థం పాఠం నేనూ చదివాను గానీ గాజుతో ఇలా కళ్లెదుట ఎవరూ చూపించలేదు. పాప నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది. ఆ ఆరు చుక్కల మీద జర్దోసి తీగతో కొమ్మలు, ఒక్కో కొమ్మకు రెండు చిన్న రెమ్మలు, మధ్యలో ఒక కుందన్. ఛాతీ మీద ఒకటి, పరదా అంచున చిన్నవి మూడు. ఇంకా ఎక్కువ వేస్తే బరువు, ధర కూడా. కుందన్లు జిగురుతో అంటించకుండా దారంతో కట్టించండి. జిగురైతే మొదటి ఉతుకుకే రాలిపోతాయి.

ఖర్చు: బట్టలన్నీ కలిపి 720, కుట్టు కూలి 600, మగ్గం పనికి 450. మొత్తం 1,770. ఆన్‌లైన్ దానికంటే 271 ఎక్కువే. కానీ అది ఇప్పటికే చంకల దగ్గర చిరిగింది, ఇది కనీసం రెండేళ్ల మాట. మేలో, మిట్ట మధ్యాహ్నం మేనత్త వాళ్లింట్లో పుట్టినరోజుకి వేసుకుపోయింది. చెమట పట్టింది, పట్టకుండా ఎట్లుంటుంది, కానీ పొక్కులు రాలేదు. నాకు అది చాలు.

లోపాలు లేవని కాదు. అన్న రోజుకు ఇవ్వలేదు. పెళ్లిళ్ల సీజన్లో పోతే "రేపు రా అక్కా" తప్ప ఇంకో మాట వినపడదు. జిప్పు నాసిరకం వేశాడు, మధ్యలో పళ్లు తప్పుతున్నాయి. మంచి జిప్పు మనమే కొని ఇవ్వాలి. చేతుల నెట్ కొంచెం బిగుతు. రసీదు లేదు, ఏమీ లేదు, కొలతలన్నీ ఒక పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాడు.

ఇప్పుడు కుట్టిస్తే మూడో సినిమాకు డ్రెస్ మారిపోదా అని మా అక్క అడిగింది. మారుతుంది, అందులో అనుమానం లేదు. డిస్నీ వాళ్లు సినిమా సినిమాకూ బట్టలు మారుస్తారు. 2013లో మొదటిది వచ్చినప్పుడు ఇంత ఆడుతుందని వాళ్లే అనుకోలేదు, 2014లో గౌన్లు దొరక్క అమెరికాలో అమ్మానాన్నలు షాపుల చుట్టూ తిరిగారు. ఆ ఒక్క ఏడాదే ఉత్తర అమెరికాలో ఎల్సా, ఆమె చెల్లెలు ఆనా వేసుకునే గౌన్లు ముప్పై లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ దెబ్బకు నేర్చుకున్నారు. 2019లో రెండో సినిమా నవంబరులో వస్తే, బొమ్మలూ బట్టలూ అక్టోబరు మొదటి వారానికే షాపుల్లో పెట్టేశారు. ఈసారి కూడా అలాగే చేస్తారని నా అంచనా. 2027 అక్టోబరులో మన యాప్‌లన్నీ కొత్త గౌన్లతో నిండిపోతాయి, ధరలు ఆ నెలలోనే ఎక్కుతాయి. రెండో సినిమా టీజర్ 2019 ఫిబ్రవరిలోనే వచ్చింది, అందులోనే డ్రెస్ చూపించారు. మూడోదానికీ టీజర్ రాగానే బొమ్మ ఆపి ఫొటో తీసి భాయ్‌కి చూపిస్తే సినిమాకు చాలా ముందే చేతికొస్తుంది.

ఒక చిట్కా. రెండో సినిమా టీజర్లో ఎల్సా సముద్రానికి ఎదురు పరిగెత్తుతుంది, చూసే ఉంటారు. పొడుగు గౌనుతో కాదు, పొట్టి అంగీ, కింద బిగుతు ప్యాంటు. అంటే మన కుర్తా, లెగ్గింగ్సే! లేత నీలం కాటన్ కుర్తాకు భుజాల మీద వెండి లేసు కుట్టిస్తే అయిపోయింది. మన ఎండలకు, మన పిల్లల పరుగులకు అదే సరైనది, ఖర్చు కూడా సగం. నా మాట మా పాప దగ్గర చెల్లలేదు, మీ ఇంట్లో చెల్లుతుందేమో చూడండి.

సినిమా మీద నాకు ఆశా ఉంది, అనుమానమూ ఉంది. రెండోది నాకు పూర్తిగా నచ్చలేదు. ఆ అడవి, ఆనకట్ట, తాతగారు చేసిన అన్యాయం, ఎవరో పిలుస్తున్న గొంతు, ఇవన్నీ పెద్దవాళ్లకే ముడి విప్పాలి. పాప సగంలో "ఎవరు మా పిలిచేది" అని ఏడెనిమిది సార్లు అడిగింది. మొదటి దానిలో ఆ గొడవ లేదు. అక్క భయపడి తలుపేసుకుంది, చెల్లి తట్టింది, అంతే కథ. అసలు ఎల్సాను దుర్మార్గురాలిగానే రాసుకున్నారట, 'లెట్ ఇట్ గో' పాట కట్టాక ఇంత మంచి పాట పాడే పిల్ల చెడ్డదెట్లవుతుందని కథే మార్చుకున్నారు. ఆ పాటకు 2014లో ఆస్కార్ కూడా వచ్చింది. కాబట్టి మూడోది ఆడాలంటే పిల్లలు బాత్‌రూంలో అరిచి పాడుకునే పాట ఒక్కటి పడాలి. మొదటి సినిమాకు పాటలు రాసిన లోపెజ్ దంపతులే రెండోదానికీ రాశారు. రెండోదానిలో పాటలు బాగున్నాయి, కానీ పాప నోట్లో తిరిగేవి మొదటివే. దర్శకురాలు జెన్నిఫర్ లీ ఈ పని కోసమే స్టూడియోలో పెద్ద పదవి వదులుకుంది, అదొక్కటీ నాకు ధైర్యం.

రెండో సినిమా చివర రాజ్యం చెల్లెలు ఆనా చేతికొచ్చింది, ఎల్సా అడవిలోనే ఉండిపోయింది. ఆనాకు ఆమె ప్రియుడు క్రిస్టాఫ్ ఉంగరం కూడా తొడిగాడు. పెళ్లి గనక పెడితే మన వాళ్లందరూ ఆనా గౌను వెనక పడతారు చూడండి, పెళ్లికూతురి బట్ట అంటే కడపలో ఎవరాపగలరు. తెలుగులో రెండోదానికి నిత్యా మేనన్ ఎల్సాకు, మహేశ్ బాబు కూతురు సితార చిన్న ఎల్సాకు గొంతిచ్చారు. అప్పట్లో మా అక్క కూతురు ఆరో తరగతి, సితార ఉందని తెలుగులోనే చూస్తానని పట్టుబట్టింది. ఇప్పుడు అది ఇంటర్ రెండో సంవత్సరం, ఎంసెట్ కోచింగ్, చెల్లెలి గౌను చూసి మొహం తిప్పుకుంటుంది గానీ కిరీటం పెట్టుకుని సెల్ఫీ దిగింది.

భాయ్ దగ్గరికి పోవాలనుకునే వాళ్లకు రెండు మాటలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తాడు, నాలుగు తర్వాత పోండి. పాత గౌను కొలతకు ఇస్తే తీసుకోడు, పాపను తీసుకుపోవాల్సిందే. మల్, జిప్పు మీరే కొని ఇవ్వండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వొద్దు, సగం ఇచ్చి మిగతాది గౌను పాపకు వేసి చూశాకే ఇవ్వండి.